మా అంగట్లో రాజు ఒక్కసారి దూకేవాడు

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం బేరాలు తగ్గగానే మా నాయన బట్టల మూటలు పక్కకు జరిపి చదరంగం పరిచేవాడు. ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. ఎదురుగా కూర్చునేది పక్క అంగడి టైలరు ఖాజా మామ. వాళ్ళను చూసే నేను నేర్చుకున్నాను.

వాళ్ళ ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే జరగాలి. రాజు మాత్రం ఆట మొత్తంలో ఒకేఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఆ దూకుడును దాచుకోవడంలోనే ఉండేది మజా అంతా...

ఆరో తరగతిలో బడి తరఫున కర్నూలుకు పోటీలకు పోయాను. చివరి ఆట గెలిస్తే రాష్ట్ర పోటీలకు ఎంపిక. నాకు అంతకంటే కావలసింది ఇంకేమీ లేదు. నాయన అంగడి మూసి మరీ వచ్చాడు.

బంటును మొదట రెండు గళ్ళు జరపొచ్చని, రాజు దూకకూడదని డ్రిల్లు సారు బస్సులోనే చెప్పాడు. అయినా అలవాటు కొద్దీ రాజు ముందరి బంటును ఒక్క గడే జరిపాను. అలాంటి ఓపెనింగు ఎదుటి అబ్బాయి కోచింగులో చూసినట్టు లేదు... చాలాసేపు తల గోక్కున్నాడు. ఆట నా చేతికొచ్చింది.

అంతలో నా రాజుకు చిక్కొచ్చింది. ఏమీ ఆలోచించకుండా రాజును ఎత్తి గుర్రంలా దూకించేశాను!

అంపైరు వచ్చాడు. ముట్టుకున్నాను కాబట్టి రాజునే జరపాలి, అదీ ఒక్క గడి. జరిపాను. కాసేపటికే ఓడిపోయాను.

నాయన ఊరుకోలేదు. "తాతల కాలం నుంచి మేము ఇట్లనే ఆడతాండాము సార్!"

"మీ ఇంట్లో ఆడుకోండప్పా... ఈడ కుదరదు."

తిరుగు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. మరుసటి రోజు ఖాజా మామ రాగానే నాయన చెప్పేశాడు.

"ఇంగ మన ఆటలో రాజు దూకేది లేదప్పా. పాప పోటీల పద్ధతే ఆడదాం."

"దూకకపోతే వాడేం రాజప్పా?" అన్నాడు మామ. అయినా నా ముఖం చూసి ఒప్పుకున్నాడు.

ఆ పద్ధతి నాకు బాగా పట్టుబడింది. తర్వాత రెండుసార్లు రాష్ట్ర పోటీలకు పోయాను. వాళ్ళిద్దరికీ మాత్రం అందులో రుచి తెలియలేదు. ఎండాకాలం దాటకముందే ఆడటం మానేశారు. మధ్యాహ్నాలు ఎవరి అంగట్లో వాళ్ళు కూర్చునేవాళ్ళు...

ఇప్పుడు ఫోన్లో ఏ దేశం వాళ్ళతోనైనా ఆడొచ్చు. అందరిదీ ఒకటే పద్ధతి. మంచిదే. కానీ మీ ఇళ్ళల్లో ఎవరైనా పాత పద్ధతిలో ఆడుతుంటే ఇక్కడ రాయండి... నా కోసం వాళ్ళు వదులుకున్న ఆట ఎక్కడో ఒకచోట ఇంకా బతికుందని తెలిస్తే చాలు.