పాట అయ్యేదాకా తలుపు తియ్యరు

లీమా నగరంలో ఏటికి అవతలి పేట రీమక్. ఆ పేటలో డోన్యా ఫిదేలాతో, అంటే ఫిదేలమ్మగారితో, వాదనకు దిగి నెగ్గినవాళ్ళు ఇంతవరకు లేరు. సాయంత్రమైతే బండి మీద బాణలి పెట్టి, గుమ్మడీ చిలగడదుంపా కలిపిన పిండికి వేలితో చిల్లు పొడిచి నూనెలోకి వదిలి, వేగినవాటి మీద బెల్లం పాకం పోసి అమ్ముతుంది. పాకం కాస్త తగ్గించమని ఎవరైనా అంటే, "అయితే రొట్టె కొనుక్కో పో" అంటుంది. అన్నవాడు మర్నాడు మళ్ళీ వస్తాడు.

వయసులో ఉన్నప్పుడు ఆమె, చెల్లెలు ఓర్తెన్సియా కలిసి ఒకే ఒక్క రికార్డు ఇచ్చారు. పాట కట్టింది వాళ్ళ నాన్న, చెప్పులు కుట్టి బతికినవాడు. లోగిళ్ళలో గిటార్ల మీద పాడుకునే వాల్ట్జు అది, మూడు చరణాలు. పెద్దది మొదలుపెట్టాలి, చిన్నది ముగించాలి అని ఆయన మాట. అందుకని మొదటి రెండు చరణాలూ ఫిదేలావి, మూడోది ఓర్తెన్సియా ఒక్కతే పాడింది.

రేడియోవాళ్ళు ఆ పాట తెగ వేశారు. వేసిన ప్రతిసారీ రెండో చరణం కాగానే వార్తలనో, సబ్బు ప్రకటన అనో కోసేశారు. ఓర్తెన్సియా రేడియో పక్కనే తల దువ్వుకుంటూ కూర్చునేది. "ఈసారి వేస్తారేమోనే అక్కా" అనేది. చివరికి ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసింది, తన గొంతు రేడియోలో ఒక్కసారీ వినకుండానే. పేరంతా ఫిదేలాకు వచ్చింది. వీధిలో ఎవరైనా "ఎంత బాగా పాడావమ్మా" అంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. మెచ్చుకున్నవాళ్ళనే నాలుగు దులిపేది. పొగరుబోతని పేరు పడింది. పడితే పడిందిలే అనుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత రెనాటో అనే అతను బండి దగ్గరికొచ్చాడు. వీడియో గేములు తయారుచేసే కంపెనీ అతనిది. వెంట అతని దగ్గర పనిచేసే అమ్మాయి మిలుస్కా ఉంది. పాత సామాన్ల సంతలో ఆ రికార్డు దొరికిందట. పాతకాలపు లోగిళ్ళలో జరిగే కథట వాళ్ళ ఆట, అందులో ఒక గదంతా ఈ పాట చుట్టూనే కట్టారట. వాడుకోవడానికి ఆమె సంతకం కావాలన్నాడు. ఫోనులో వినిపించాడు. మొదటి చరణం వచ్చింది. మళ్ళీ మొదటి చరణమే వచ్చింది. మూడోసారీ అదే.

"ఇదేంటి నాయనా, రికార్డు అరిగిపోయిందా?"

"కాదు డోన్యా ఫిదేలా. ఆడేవాడు ఆ గదిలో ఉన్నంతసేపూ ఇలా తిరుగుతూనే ఉంటుంది."

"మరి మూడో చరణం?"

"అంతదాకా ఎవరుంటారండీ? బటన్ నొక్కి తలుపులోంచి పోతారు."

ఏదీ చూపించమంది. తెర మీద గది, గిటార్లు, చెక్కపెట్టె మీద దరువు వేసే మనిషి, చప్పట్లు కొట్టే చుట్టాలు. అచ్చం హరానా. ఇంట్లో జరిగే పాటల కూడికను ఆ ఊళ్ళో అలాగే పిలుస్తారు. కానీ వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఫిదేలాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది.

"హరానా జరుగుతుంటే తలుపు తెరిచి పెట్టిన తెలివైనవాడు ఎవడు? మా లోగిట్లో గిటారు తీగ మోగిందంటే మా అమ్మ తాళం వేసి, తాళంచెవి రవికెలో దోపుకునేది. గోల ఆపమని ఓసారి పోలీసాయన వచ్చాడు. ఆయన్నీ లోపలేసి తాళం పెట్టాం. పోయేటప్పుడు ఇంకోటి పాడమని ఆయనే అడిగాడు."

"ఆ రోజులు వేరండీ."

"పాట అదేగా? తలుపు వెయ్యి. మూడో చరణం అయ్యాకే తెరువు. అప్పుడు సంతకం పెడతా."

"ఆడేవాళ్ళు తిడతారు డోన్యా ఫిదేలా."

"తిట్టనీ. నేను తిట్టడం లేదూ? నువ్వేం చచ్చిపోయావా?"

డబ్బు పెంచుతానన్నాడు. బాణలి వైపు తిరిగింది. వేరే గాయనిని పెట్టుకుంటానన్నాడు.

"పెట్టుకో. మా నాన్న పాట మాత్రం ముట్టుకోకు. మా చెల్లెల్ని కోసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వొకడివి ఎక్కువ అక్కర్లేదు."

"మా అమ్మమ్మ ఇంట్లోనూ తాళం వేసేవాళ్ళు సార్. మనమే తప్పు చేశాం" అంది మిలుస్కా. రెనాటో ఆ పిల్లను కొరకొరా చూశాడు. కానీ ఆ పాట లేకపోతే ఆ గదే లేదు. గొణుక్కుంటూ వెళ్ళినవాడు గొణుక్కుంటూనే వారానికి తిరిగొచ్చాడు. ఈసారి తెర మీద తలుపు వేసి ఉంది. ఫిదేలా పాటంతా విని, చెయ్యి తుడుచుకుని, సంతకం పెట్టింది.

ఆట బయటికొచ్చాక ఓ సాయంత్రం బండి పక్కనున్న కంప్యూటర్ల కొట్టులోంచి తిట్లు వినబడ్డాయి. ఫిదేలా మంట తగ్గించి లోపలికి వెళ్ళింది. మోటారు రిక్షా తోలే కుర్రాడు టకటకా బటన్లు నొక్కుతున్నాడు.

"ఈ దిక్కుమాలిన తలుపు తెరుచుకోదే! ఈ ముసల్ది ఇంకెంతసేపు పాడుద్దో."

"ఆ ముసల్ది నేనే. కదలకుండా కూర్చో."

రెండో చరణం అయిపోయింది. రేడియో ఎప్పుడూ కోసే చోటు దాటింది. గిటారు కాస్త తగ్గింది, ఓర్తెన్సియా గొంతు ఎత్తుకుంది. ఫిదేలా కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. కుర్రాడి వేళ్ళు బటన్ల మీద ఆగిపోయాయి. పాట ముగిసింది. తెర మీద తలుపు తెరుచుకుంది. వాడు బయటికి పోలేదు.

"ఏమనుకోకు పిన్నీ" అన్నాడు వెనక్కి తిరిగి. "నీకంటే ఆ రెండో ఆవిడే బాగా పాడింది."

ఈ మాటకు వాడి చెంప పగిలిందే అనుకున్నారు కొట్టులో వాళ్ళంతా. ఫిదేలా నడుముకు కట్టుకున్న గుడ్డతో మొహం తుడుచుకుంది.

"ఆ ముక్క నాకు ముందునుంచీ తెలుసు. మీకే ఇన్నాళ్ళు పట్టింది" అంది. "మళ్ళీ లోపలికి పో. తలుపేసుకో."