తిరగవాత పెట్టిన కుక్క తిండి

మా అమ్మ కుక్క తిండిని చేటలో పోసి చెరుగుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. పుంగనూరులో ఆఫీసు ముగించుకుని అప్పుడే మదనపల్లె ఇంటికి వచ్చాను. భుజానికి ఉన్న సంచి కూడా దించలేదు. ఆ గోధుమరంగు గింజలు చేటలో గలగలమని ఎగిరి పడుతున్నాయి. రాళ్ళేమైనా ఉన్నాయేమోనని ఆమె వేలితో కెలికి మరీ చూస్తోంది.

"అమ్మా, అవి ఫ్యాక్టరీలో చేసినవి. వాటిలో రాళ్ళుండవు," అన్నాను.

"రేషన్ బియ్యం గవర్నమెంటోళ్ళు ఇచ్చేదే గదప్పా. దాంట్లో రాళ్ళు లేవా?" అంది.

చెరిగాక రెండు నీళ్ళు పోసి కడిగింది. కడిగిన వాటిని ఉడకబెట్టింది. ఉప్పు వేసింది. అంతటితో ఆగితే మా అమ్మ ఎందుకవుతుంది? వాసన పోవాలని ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి తిరగవాత పెట్టింది. ఎముకలకు బలమని డాక్టరు రాసిచ్చిన తిండి నా కళ్ళ ముందే ఉప్మా అయిపోయింది. చల్లార్చి గిన్నెలో పెడితే కుక్కపిల్ల వచ్చి మూతి దగ్గర పెట్టింది, గట్టిగా తుమ్మింది, వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంది. అక్కడ అమ్మ కోసం వండిన రాగి సంగటి ఉంది.

"సూడు, దానికి గూడా పడలా," అంది అమ్మ, అదేదో తను గెలిచినట్టు.

నాకు కోపం వచ్చింది. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ఇదే కథ చెప్పి అందరినీ నవ్విస్తాను కానీ, ఆ సాయంత్రం మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ కుక్కపిల్ల పొయ్యి దాకా నడిచిన నాలుగడుగుల్లోనే దాని ముందు కాళ్ళు రెండూ బయటికి వంగి, పాదాలు పక్కకు పడుతున్నాయి.

దాన్ని మా ఆఫీసులో ఒకాయన బదిలీ మీద వెళ్తూ నాకిచ్చాడు. జాతి కుక్క, పెద్దదవుతుంది, జాగ్రత్త అన్నాడు. నేను టమోటాలు వేసే ప్లాస్టిక్ ట్రేలో పాత టవలు పరిచి, దాన్ని అందులో పడుకోబెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పెంచింది మాత్రం అమ్మే. నేను పుంగనూరుకు, నా భార్య తను పాఠాలు చెప్పే బడికి వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో వాళ్ళిద్దరే. అమ్మ ఏం తింటే అది కూడా అదే తినింది. పొద్దున సంగటి, చెనక్కాయల చట్నీ. మధ్యాహ్నం పెరుగన్నం. బొద్దుగా, నున్నగా తయారైంది. ఎంత బాగా పెరుగుతోందో అని మురిసిపోయాం. కాళ్ళు వంగడం మొదలయ్యాక కూడా, బరువుకు అలా నడుస్తోందిలే అనుకున్నాం.

టీకా కోసం తీసుకెళ్తే డాక్టరమ్మ దాన్ని బల్ల మీద నిలబెట్టి ముందు కాళ్ళు రెండూ పట్టి, వంచి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సార్, దీనికి ఎముకలు గట్టిపడటం లేదు. అన్నం, సంగటి వెంటనే ఆపేయండి. కుక్కపిల్లల తిండే పెట్టండి. ఇది ఎదిగే వయసు, ఇప్పుడు సరిచేస్తే సరవుతుంది. ఎదిగిపోయాక వంకర అట్లనే ఉండిపోతుంది."

"తినకపోతే?"

"గిన్నె పెట్టండి, కాసేపుంచి తీసేయండి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఇంకేమీ పెట్టకండి. ఆకలైతే అదే తింటుంది."

ఎంత సులభంగా చెప్పింది! ఆకలైతే అదే తింటుంది. ఆ ముక్క తెచ్చి మా ఇంట్లో చెప్పడమే నేను చేసిన పొరపాటు. అమ్మ మొహం మాడిపోయింది.

"కడుపు మాడిస్తే దారికొస్తాదని చెప్పిందా ఆయమ్మ? సదువుకున్న మనిషేనా?"

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. నిమ్మనపల్లె పక్కన మా ఊళ్ళో ఆమె వయసంతా చెనక్కాయ చేలల్లో కూలికే పోయింది. నాయన పోయాక, నాకు ఉద్యోగం వచ్చాక మా దగ్గరికి వచ్చింది. ఆమెకు ఒక అలవాటు ఉంది, ఆమెకే కాదు, మా ఊళ్ళో అందరికీ ఉంది. పళ్ళెం ముందు కూర్చున్నాక, చూస్తున్న నోరు ఏదైనా ఉంటే మొదటి ముద్ద దానికి వేయకుండా తినరు. కుక్క కావచ్చు, కాకి కావచ్చు, పక్కింటి బిడ్డ కావచ్చు. మా కుక్కపిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచి తిండి అంటే గిన్నెలో ఉండేది కాదు, అమ్మ చేతిలోంచి వచ్చేది. నేను స్టీలు గిన్నెలో పోసి దూరంగా పెట్టిన గింజలు దాని దృష్టిలో తిండి లెక్కలోకే రాలేదు.

నేను చేయని ప్రయత్నం లేదు. వేడినీళ్ళలో నానబెట్టాను. కోడిగుడ్డు కలిపాను, గుడ్డు నాకేసి గింజలు వదిలింది. నేల మీద కూర్చుని, ఒక గింజ నేను కొరికి, బాగుందని తల ఊపి చూపించాను. చాకుపీసు పొడిలో ఎండుచేప కలిపినట్టుంది, అది వేరే విషయం. నా మీద జాలిపడిందో ఏమో, ఒక గింజ మర్యాదగా నోట్లో పెట్టుకుని వెళ్ళింది. తినిందని నేను ఆఫీసులో కూడా గొప్పగా చెప్పుకున్నాను. సాయంత్రం నడకకు బయలుదేరితే ఆ గింజ నా చెప్పులో దొరికింది.

ఎదురింటామె వచ్చి దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గాం. గింజలు మాత్రం గిన్నెలో అట్లనే ఉన్నాయి.

ఇదంతా ఒక ఎత్తు, అమ్మతో పోరు ఒక ఎత్తు. నేను ఇల్లు దాటగానే ఏదో ఒకటి పెట్టేది. సాయంత్రం దాని మూతి వెంట్రుకల్లో మెతుకులు కనిపించేవి.

"అమ్మా, ఇదేంది?"

"ఏమోనప్పా. యాడన్నా పోయి తినొచ్చిందేమో."

"గేటు వేసే ఉంది కదమ్మా. ఎక్కడికి పోతుంది?"

"నన్నడిగితే? దాన్నే అడుగు."

ఒకరోజు నేను అరిచాను. దాన్ని కుంటిదాన్ని చేస్తున్నావు, నీ ముద్దే దానికి విషం అన్నాను. నా భార్య నన్ను ఆపబోయింది కానీ మాట అప్పటికే నోరు దాటిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ మర్నాడు నిజంగానే పెట్టలేదు. పెట్టకుండా తను ఎట్లా తినాలో తెలియక, పళ్ళెం తీసుకుని బాత్రూములోకి పోయి తలుపు వేసుకుని తినిందట. ఆ రోజు బడి నుంచి పెందలాడే వచ్చిన నా భార్య చెప్పింది. వినగానే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు. ఆ తలుపు బయట కుక్కపిల్ల గోళ్ళతో గీకుతూనే ఉందట. చివరికి తలుపు తెరుచుకుని ముద్ద బయటికి వచ్చిందని వేరే చెప్పక్కరలేదు.

ఇక ఈ ఇంట్లో సాగదని అర్థమైంది. కుప్పంలో మా అక్క ఉంది. గట్టి మనిషి. ఆమె మాటంటే మాటే. "తీసుకురారా ఈడికి. నా దగ్గర యట్ల తినదో సూస్తా," అంది ఫోన్లో. ఆఫీసుకు సెలవు పెట్టి, తెలిసినాయన కారు అడిగి, కుక్కపిల్లనూ గింజల సంచినీ వేసుకుని బయలుదేరాను. అమ్మ గేటు దగ్గర నిలబడింది. నాకు జాగ్రత్తలు చెప్పలేదు. కారు అద్దంలోంచి చెయ్యి పెట్టి దాని తల నిమిరి, "తినప్పా, వాళ్ళు పెట్టింది తిను. కాళ్ళు బాగయితాయి," అని చెప్పింది. దాన్ని అప్పా అని పిలిచేది, నన్ను పిలిచినట్టే.

కుప్పంలో మొదటి రోజు అది గిన్నె వైపు చూడలేదు. పెట్టడం, కాసేపాగి తీయడం, మళ్ళీ పెట్టడం. అక్క పక్కాగా చేసింది. నీళ్ళు తాగింది, అంతే. అరిస్తే బాగుండు, గీకితే బాగుండు, అదీ లేదు. అక్క తలుపు వేసుకుని టేబుల్ మీద భోంచేస్తుంది, ఆ ఇంట్లో చూసే నోళ్ళు లేవు. నేను అదే టేబుల్ దగ్గర కూర్చుని, సగం అన్నం పళ్ళెంలోనే వదిలేసి లేచాను.

అమ్మ ఫోను మీద ఫోను.

"తినిందా అప్పా?"

"లేదమ్మా. తింటుందిలే."

"నీళ్ళన్నా తాగిందా?"

"తాగింది."

"ఊ."

రెండోరోజు మధ్యాహ్నానికి అది గోడ వైపు తిరిగి పడుకుంది. నేను పిలిస్తే తోక కొంచెం ఆడించింది, తల తిప్పలేదు. అక్క గిన్నె తీయడానికి వచ్చి, దాన్ని చూసి, అట్లనే నిలబడిపోయింది. చిన్నప్పుడు కూలి దొరకని రోజుల్లో నేను ఆకలికి ఏడ్చేవాణ్ణి. అక్క ఏడ్చేది కాదు, గోడ వైపు తిరిగి పడుకునేది. అక్క గిన్నె అక్కడే వదిలేసి వంటింట్లోకి పోయింది.

అప్పుడే నా భార్య ఫోన్ చేసింది. అత్త నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు, ఎంత చెప్పినా వినడం లేదు, అది తినిందని తెలిస్తే తింటానంటోంది, ఏదో ఒకటి చెయ్యండి, అంది. అమ్మకు షుగరు ఉంది, మాత్ర వేసుకుని తినకుండా ఉండకూడదు. నేను గోడ దగ్గర పడుకున్న దాన్ని చూశాను, చేతిలో ఫోను చూశాను. ఒకదాని కాళ్ళ కోసం వచ్చి ఇద్దరి కడుపులు మాడుస్తున్నాను. ఇంకొక్క పూట ఆగితే తింటుందేమో. ఆగకపోతే ఆ కాళ్ళు అట్లనే ఉండిపోతాయేమో. ఎటు చూసినా నా చేతిలో ఏమీ లేదు. అమ్మకు ఫోన్ చేశాను.

"తినిందమ్మా," అన్నాను.

"తినిందా? యెంత తినింది?"

"గిన్నె ఖాళీ చేసింది. ఇంక నువ్వు తిను."

"నాయనా," అంది అమ్మ, కోపం లేకుండా. "మీ చిన్నప్పుడు కుండలో ఉండేది మీ ఇద్దరికీ పెట్టేసేదాన్ని. అమ్మా నువ్వు తిన్యావా అని మీరు అడిగేటోళ్ళు. తిన్యానప్పా, కడుపు నిండిందని చెప్పేదాన్ని. ఆ మాట యట్ల చెప్తారో నాకు తెలీదా? ఇట్లనే చెప్తారు. తొందరగా."

ఆ మాట ఆమె ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో, నేను ఎన్నిసార్లు నమ్మి చెయ్యి కడుక్కుని ఆడుకోవడానికి పరిగెత్తానో లెక్క కూడా లేదు. నలభై దాటిన మనిషిని, అక్కా వాళ్ళ వరండాలో నిలబడి ఏడ్చాను.

వంటింట్లోకి వెళ్తే అక్క అప్పటికే పొయ్యి మీద ఎసరు పెట్టి రాగిపిండి కలుపుతోంది. నా మొహం చూడకుండానే, "ఆ గింజలు ఇట్ల తే, దంచుతాం," అంది. రోట్లో వేసి మెత్తగా దంచి, సంగటిలో కలిపి గెలికాం. డాక్టరమ్మ వద్దన్నది సరిగ్గా ఇదే. మా ఇంట్లో చివరికి కుదిరిన రాజీ కూడా ఇదే, ఇప్పటికీ ఇదే నడుస్తోంది. కుడికాలు సరైంది. ఎడమకాలు సరికాలేదు, ఇక కాదు. ఇంకొక్క పూట ఓర్చుకుని ఉంటే అయ్యేదేమో. నా చేత కాలేదు.

ముద్ద చల్లార్చి నేను నేల మీద కూర్చున్నాను. చేత్తో పెట్టగానే కుక్కపిల్ల మొదట వాసన చూసింది. తర్వాత గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. అమ్మకు మళ్ళీ ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా, ఫోనును దాని మూతి దగ్గర పెట్టాను. అది చప్పుడు చేస్తూ, ఊపిరి తీసుకోకుండా తింటోంది.

"ఆ, ఇప్పుడు తింటాండాది," అంది అమ్మ ఫోన్లోంచి. "మెల్లగా పెట్టప్పా, గొంతుకు అడ్డం పడ్తాది. ఫోను పెట్టేయద్దు, అట్లనే ఉండు."

అటువైపు ఆమె పళ్ళెం నేల మీద జరుపుకున్న చప్పుడు వినిపించింది. వాళ్ళిద్దరూ తినేదాకా నేను ఫోను పట్టుకుని అక్కడే కూర్చున్నాను.