కుందేళ్ళకు మామ్మ రాసిన నూనె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అది అబద్ధమని ఇప్పటికీ వాదిస్తాను, కోపంగానే.

ఎనభైల మొదట్లో నేను పశువైద్యంలో పై చదువు చదువుతున్నాను. స్టెరాయిడ్ మందు వాడితే ఆపరేషన్ గాయం ఎంత ఆలస్యంగా మానుతుందో కుందేళ్ళ మీద చూడడం నా థీసిస్. ఎనిమిది కుందేళ్ళకు మత్తిచ్చి, వీపు మీద తలా ఒక చిన్న గాయం చేశాను. మర్నాడే కాలేజీలో సమ్మె మొదలై హాస్టల్ మూసేశారు. గాయాలు సమ్మె చేయవు కదా. కుందేళ్ళను రెండు వెదురు గంపల్లో పెట్టుకుని రైలెక్కి, నరసాపురం దగ్గర పంటు మీద గోదావరి దాటి, రాజోలు పక్కన మా ఊరికి బయల్దేరాను. పంటు మీద ఒక పెద్దాయన గంపలోకి తొంగిచూసి, "కూరకాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

"కాదండి, చదువుకి."

"ఆయ్" అని ఊరుకున్నారు.

ఇంటి వెనక వసారాలో వాటిచేత కాపురం పెట్టించాను. నాలుగింటి చెవులకు నీలం సిరా పూసి, వాటికి రోజూ మందు ఇచ్చేదాన్ని. ఎర్ర సిరా పూసిన నాలుగింటికి ఉత్త సెలైను. పొద్దున్నే గాయం తుడిచి, ట్రేసింగు కాగితం మీద దాని అంచు గీసుకునేదాన్ని. మా నాన్నగారి అమ్మ, మా మామ్మ, పీట వేసుకుని ఇదంతా చూసేది. నోరులేని వాటిని కోశానని మొదటిరోజే నన్ను కడిగేసింది.

వారం దాటేసరికి ఎర్ర చెవుల గాయాలు బాగా దగ్గరపడ్డాయి. నీలం చెవులవి బద్ధకంగా అలాగే ఉన్నాయి. పుస్తకంలో చదివింది కళ్ళముందు జరుగుతుంటే నాకు గంతులేయాలనిపించింది.

పదోరోజు దూది కోసం రాజోలు వెళ్ళి, గీసే పని సాయంత్రం పెట్టుకున్నాను. కాగితం మీద పెన్ను జారిపోయింది. వేలితో తాకి వాసన చూశాను. కొబ్బరినూనె.

"నేనే రాసేనే. పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన నూనె" అంది మామ్మ.

"నా థీసిస్ తగలెట్టేసేవు మామ్మా. ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు గంపలు దింపిన రోజునుంచి. రోజూ సాయంత్రం ప్రార్థనయ్యేక. తెల్లారేసరికి ఇంకిపోయేది."

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఏడాది పోతుంది.

"వేటికి రాసేవు? మానని వాటికేనా?" అన్నాను వెక్కుతూ.

ఈసారి కోపం మామ్మకొచ్చింది. "కళ్ళు నెత్తికెక్కేయే నీకు. చర్చి ప్రేమవిందులో కూర వడ్డించే చెయ్యి ఇది. ఒకళ్ళకి ఎక్కువ, ఒకళ్ళకి తక్కువ ఎప్పుడైనా వేసేనా? ఎనిమిదింటికీ ఒకే చెంచాతో, చెంచాడేసి రాసేను." పోపుల పెట్టెలోంచి ఆవాల చెంచా తెచ్చి నా ముఖం ముందు ఆడించింది.

మా గైడుగారికి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను. నూనె ఆపాలో వద్దో తెలియక, అలాగే రాయమని మామ్మకే చెప్పాను. ఆ వారం నాకు అన్నం సయించలేదు. చివరికి జవాబు వచ్చింది. అన్నింటికీ సమానంగా రాస్తే పోలిక చెడదు, తేడా మందుదే అవుతుంది, నూనె సంగతి మాత్రం చెంచా కొలతతో సహా థీసిస్‌లో రాయండి, అన్నారాయన. మామ్మ రెండు చేతులూ పట్టుకుని వసారాలో గిరగిరా తిప్పేశాను. "పడిపోతానే, వదులు" అంటూనే నవ్వింది.

ఎర్ర చెవుల గాయాలు ముందు మానాయి. నీలం చెవులవి చాలా రోజులు వెనకబడి, అవీ మానాయి.

"చూశావా మామ్మా, నీ ప్రార్థన నూనె రాసినా మందు పడినవి ఆలస్యంగానే మానేయి" అని ఉడికించాను.

మామ్మ చెంచా కడిగి తుడుస్తోంది. "మొత్తం ఎనిమిదీ మానేయా, లేదా?"

"మానేయి."

"నేను దేవుణ్ణి అడిగింది అంతేనే. ఏది ముందు, ఏది వెనక అని అడగలేదు."