పిడత ఆటలో రెండో గొంతు

దెయ్యాలున్నాయని నాతో వాదనకు దిగినవాళ్లలో ఇంతవరకు ఒక్కరూ గెలవలేదు. మా పెద్దత్త డాబా మీద తెల్లచీర కట్టుకున్న మనిషిని చూశానంటే, అది ఎవరింటి దండెం మీది చీరో కనుక్కుని మరీ ఆవిడ నోరు మూయించాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ.

కాబట్టి ఇది చదివి పాపం ఈవిడ జడుసుకుంది అనుకోకండి. నేను భయపడలేదు. జరిగింది మధ్యాహ్నం రెండు దాటాక, రాయపూర్‌లో మా ఇంట్లో, నెత్తి మీద ఫ్యాను తిరుగుతుండగా. నాకు అర్థం కాలేదు, అంతే. అర్థం కాలేదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు కనుక రాయడానికి నాలుగేళ్లు పట్టింది.

మా నాన్న గూడ్స్ బండి, ఇక్కడివాళ్ల మాటలో మాల్‌గాడీ, డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ, ఆయన రిటైరయ్యేదాకా డ్రైవరనే చెప్పుకున్నారు. కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి వచ్చి సర్వీసంతా ఈ లైన్ల మీదే గడిపారు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నారు. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ బేసిన్ దగ్గర కూలబడ్డారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు.

మాట పోవడం అంటే గొంతు పోవడం కాదని డాక్టరు విడమర్చి చెప్పారు. గొంతు బాగానే ఉంది, మనం అన్నది అర్థమవుతుంది, తను అనాల్సిన మాటే దొరకదు. నాన్న పౌరుషం గల మనిషి. మాట రానప్పుడు మూలగడం దేనికనుకున్నారో ఏమో, గొంతు కూడా కట్టేశారు. ఏడు నెలలు ఇంట్లో ఆయన శబ్దం లేదు. దాహమేస్తే గ్లాసు వైపు చూసేవారు. నేను చూడకపోతే దాహంతోనే ఉండిపోయేవారు.

వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ అమ్మాయి వచ్చేది. ఇక్కడి పిల్లే, ఓపికమంతురాలు. ముందు ఏదో ఒక శబ్దం రప్పించండి ఆంటీ, మాట సంగతి తర్వాత, అనేది హిందీలో. ఇలాగే ఊరుకుంటే ఊరుకోవడమే అలవాటైపోతుందని ఏడో నెలలో గట్టిగా హెచ్చరించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న ఇక నన్ను పేరు పెట్టి పిలవరన్న సంగతి అప్పుడే తలకెక్కింది.

ఆట తెచ్చింది మా అమ్మాయి శ్రావ్య. అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఆ ఆటకు మీటలు లేవు, మౌస్ లేదు, అంతా మైకులోనే. తెర మీద రెండు కాళ్లున్న మట్టి పిడత ఒకటి నిలబడి ఉంటుంది. సన్నగా గొంతు చేస్తే నడుస్తుంది, పెద్దగా చేస్తే దూకుతుంది. గొంతు ఎంతసేపు సాగితే అంత దూరం దూకుతుంది. నోరు మూస్తే ఎక్కడున్నది అక్కడే ఆగుతుంది. రెప్పపాటు ముందు ఆపినా, తర్వాత ఆపినా కిందపడి ముక్కలవుతుంది. పడితే మళ్లీ మొదటి నుంచే. మధ్యలో ఆగిన చోటు నుంచి ఎత్తుకోవడమనే దయాదాక్షిణ్యాలేమీ లేవు.

నాన్న ఆ మైకున్న హెడ్‌ఫోన్ పెట్టనివ్వలేదు, తల విదిలించేశారు. సరే, నేనే ఆడి చూపిస్తానని ఆయన మంచానికి కుడిపక్క ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. వేగం, దూరం, కాలం పిల్లలకు ఇరవై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని. ఆ పిడతను మూడో స్తంభం దాటించలేకపోయాను. నాలుగు రోజులు అదే స్తంభం. చివరికి పళ్లు కొరుక్కుంటూ తిట్టాను. తిట్టినంత పొడుగూ దూకి గోతిలో పడింది.

"అమ్మా, దాంతో ఝగడా పెట్టుకోకు. నువ్వు తిట్టినా దానికి దూకమన్నట్టే ఉంటాది," అంది శ్రావ్య.

అప్పుడు నా వెనక నుంచి వచ్చింది, "ఊఁహూఁ" అని. నాకు స్కూటర్ నేర్పిన రోజుల్లో క్లచ్ ఫట్‌మని వదిలేసినప్పుడల్లా ఆయన చేసిన శబ్దం అదే. నీ వల్ల కాదు, దిగు, అని దానికి అర్థం. ఏడు నెలల తర్వాత విన్నాను. వెంటనే హెడ్‌ఫోన్ ఆయన తలకు తగిలించేశాను.

ఆ తర్వాత రోజూ ఆడారు. "ఊఁ" అన్న ఒక్క శబ్దంతోనే. మూడు వేల టన్నుల బండిని చీమ కదిలినట్టు కదిలించిన మనిషి, ఎక్కడ ఎత్తుకోవాలో ఎక్కడ వదలాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు వారాల్లో ఏడో లెవెల్‌కి వెళ్లారు. అక్కడ ఆగిపోయారు.

ఏడో లెవెల్‌లో మూడు చోట్ల విరిగిన వంతెన ఉంది. ఒక్క దూకుడు చాలదు. పిడత గాల్లో ఉండగానే రెండో దూకుడు పడాలి. అది పడాలంటే మొదటి గొంతు ఆగకముందే రెండో గొంతు మొదలవ్వాలి. ఒకే మనిషి ఒక శబ్దం ఆపకుండా ఇంకోటి ఎలా మొదలుపెడతాడు? శ్రావ్య వెతికి చూస్తే, అది ఇద్దరు కలిసి దాటడానికి కట్టిన వంతెనట. ఒకే మైకు దగ్గరకు మొహాలు చేర్చి నేనూ శ్రావ్యా ప్రయత్నించాం. తను ఎత్తుకున్నాక నేను అందుకోవాలి. నలభైసార్లు పడ్డాం. నాన్నతో కలిసి నేను ప్రయత్నించినా అంతే. నువ్వు ఎవరి మాటకూ సరిగ్గా వంత పాడలేవమ్మా అని శ్రావ్య అంది. నిజమే, కాదనను.

ఇక ఆ రోజు సంగతి. మా ఆయన ఉర్లాలో ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నారు. శ్రావ్య కాలేజీకి వెళ్లింది. వీధి తలుపు లోపల గడియ నేనే పెట్టాను. నాన్నకు హెడ్‌ఫోన్ పెట్టి, ఆట తెరిచి, వెనక పంపు దగ్గర గిన్నెలు తోముకుంటున్నాను.

నాన్న "ఊఁ" వినిపించింది, బరువుగా. అది ఇంకా సాగుతుండగానే దాని మీద మరో "ఊఁ" పడింది. సన్నటి గొంతు. కాస్త ఆగి మళ్లీ రెండూ. మళ్లీ ఆగి మూడోసారి. శ్రావ్య వచ్చేసిందనుకున్నాను. చేతులు కడుక్కుని లేచాక గడియ సంగతి గుర్తొచ్చింది.

గదిలో నాన్న ఒక్కరే ఉన్నారు. మంచం అంచున కూర్చుని ఎడమచెయ్యి భుజం ఎత్తుకు లేపి ఉన్నారు. మెడ కుడివైపు తిరిగి ఉంది. థెరపీ అమ్మాయి నెలల తరబడి బతిమాలినా తిరగని మెడ అది. కుడివైపు నా ప్లాస్టిక్ కుర్చీ తప్ప ఏమీ లేదు. తెర మీద పిడత వంతెన అవతల ఉంది, మేమెప్పుడూ చూడని పచ్చటి గట్టు మీద.

ఆ ఖాళీ కుర్చీ వైపు చూసి నాన్న, "గ్రీన్," అన్నారు.

దాదాపు ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట. ఇంకో కూతురైతే కాళ్ల మీద పడి ఏడ్చేది. నేనేం చేశాను? గ్రీన్ ఏంటి నాన్నా, ఎవరితో అంటున్నావు, మళ్లీ అను, ఇంకేదైనా అను, అని గుక్కతిప్పుకోకుండా అడిగాను. ఆయన నా మొహం చూశారు. చెయ్యి దించేశారు. నోరు మూసుకుంది. రెండు రోజులు "ఊఁ" కూడా లేదు, తలకు హెడ్‌ఫోన్ పెట్టనివ్వలేదు.

లెవెల్ దాటగానే ఆ ఆట ఒక బొమ్మ చూపిస్తుంది, మన గొంతు ఎక్కడ లేచి ఎక్కడ పడిందో గీతలుగా. సాయంత్రం శ్రావ్య వచ్చేదాకా తెర అలాగే ఉంచాను. మూడు చోట్లా రెండేసి గీతలున్నాయి. కింద లావుపాటి గీత, అది ఆగకముందే పైన సన్నటి గీత. శ్రావ్య ఫోన్‌తో ఫోటో తీసింది. అది నా దగ్గర ఇంకా ఉంది.

ఆ రెండు రోజులూ నేను చేసిన పరీక్షలు చెబుతాను, మీరు అడక్కముందే. టీవీ కాదు, ప్లగ్గు తీసి ఉంది. కుక్కర్ అనుకుని గది తలుపు తెరిచి నాలుగు విజిల్స్ వేయించాను. పిడత కదల్లేదు. ఆ మైకు పెదాల దగ్గరుండేది, దూరం శబ్దం పట్టదు. పంపు దగ్గర నుంచి నేను గొంతు చించుకుని అరిచినా కదల్లేదు. పక్కింటాయన ఏమైంది భాభీజీ అని పరుగెత్తుకొచ్చాడు గానీ పిడత మాత్రం రాయిలా నిలబడింది. మధ్యాహ్నం బండ్ల హారన్లకూ అంతే. ఒక్క గొంతుతో రెండు గీతలు తెప్పించాలని శ్రావ్య గంటన్నర కూర్చుంది. గొంతు బొంగురుపోయింది.

మూడో రోజు పొద్దున పప్పు ఎసట్లో వేస్తుంటే తట్టింది. దెయ్యం సంగతి కాదు, నా తప్పు.

ఇంజిన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే డ్రైవరు చెయ్యెత్తి దాని రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్లతో చూసుకుని అదే మాట తిరిగి చెప్పాలి. అతను చెప్పేదాకా డ్రైవరు అన్న మాట అన్నట్టు కాదు. ముప్పై ఏళ్లకు పైగా నాన్న నోరు అలా నడిచింది. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి, అమ్మ "ఉప్పు తక్కువైంది" అనేదాకా రెండో ముద్ద ఎత్తేవారు కాదు. ఇది అన్నమా, మాల్‌గాడీయా అని అమ్మ విసుక్కునేది. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎవరన్న మాటనీ ఉన్నదున్నట్టు తిరిగి అన్నది లేదు. ఎదురు ప్రశ్న వెయ్యనిదే నాకు పొద్దుపోదు. పాపం, ఆయన మాట ముందుకు పోనివ్వకుండా అడ్డం నిలబడ్డది నేనే.

వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. నాన్న నా వైపు చూశారు. మెల్లగా ఎడమచెయ్యి లేచింది.

"గ్రీన్."

ఎందుకు, ఎక్కడ, ఎవరు అని అడగడానికి నాలుక దురద పెట్టింది. బిగబట్టుకున్నాను.

"గ్రీన్," అన్నాను.

ఆయన భుజాలు దిగాయి. ఊపిరి వదిలారు. "నీళ్లు," అన్నారు.

"నీళ్లు," అని లేచి వెళ్లి తెచ్చాను. గ్లాసు ఆయన ఎడమచేతికి అందించాను.

ఆ రోజు పదకొండు మాటలు వచ్చాయి. పదో మాట నా పేరు. నా పేరు నేనే తిరిగి చెప్పుకోవాల్సి వచ్చింది. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు గానీ, నవ్వడానికి ధైర్యం చెయ్యలేదు.

థెరపీ అమ్మాయికి పట్టలేనంత సంతోషం. ఏళ్ల తరబడి నోటికి అలవాటైన మాటలే ముందు తిరిగొస్తాయనీ, ఆ దారి పట్టుకుని మిగతావి వస్తాయనీ చెప్పింది. ఒప్పుకుంటాను. అది సగానికి జవాబు. ఫోటోలో పై గీతకు ఆమె దగ్గరా జవాబు లేదు. మైకు పాడై ఉంటుంది ఆంటీ, అంది. మైకు ఆ తర్వాత రెండేళ్లు శుభ్రంగా పనిచేసింది.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. నాన్నతో పదకొండేళ్లు ఒకే ఇంజిన్‌లో తిరిగిన అసిస్టెంటు ఒకాయన ఉండేవారు, అభన్‌పూర్ మనిషి, సాహూ అంకుల్. ఏనుగులాంటి మనిషికి చిన్నపిల్లలాంటి సన్నటి గొంతు. ఇదంతా జరగడానికి ఆరేళ్ల ముందే పోయారు. పదో రోజు కర్మకు, అదే ఇక్కడివాళ్ల దశగాత్రానికి, నాన్నను తీసుకెళ్లింది నేనే. నేను విన్న గొంతు ఆయనదని నేను అనను. సన్నటి గొంతులు లోకంలో చాలా ఉన్నాయి.

మాటలు కుదురుకున్నాక, ఏడాది పోయాక, నాన్ననే సూటిగా అడిగాను. ఆ రోజు నీకు తిరిగి చెప్పింది ఎవరు అని. ఇది కూడా అడగాలా అన్నట్టు చూశారు.

"సాహూ," అన్నారు.

"సాహూ," అన్నాను. అనకపోతే తర్వాతి మాట రాదు మరి.

"నువ్వు గిన్నెల దగ్గరున్నావు," అన్నారు. అది కూడా నా చేత అనిపించుకుని, "డ్యూటీలో ఎవడో ఒకడు ఉండాల కదా," అన్నారు.

దానికి ఎదురు మాట అప్పటి నుంచీ వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. మీకెవరికైనా దొరికితే చెప్పండి, వింటాను. వాదిస్తాను కూడా.

నాన్న ఇప్పుడు చిన్న చిన్న మాటలతో బాగానే మాట్లాడతారు. ఒక మాట అని, నేను తిరిగి చెప్పేదాకా ఆగుతారు. నేను పక్కగదిలో ఉండి ఆలస్యం చేస్తే ఆగే ఉంటారు. అప్పుడప్పుడు మాత్రం, నేను నోరు తెరవకముందే తర్వాతి మాటకు వెళ్లిపోతారు.

అలా వెళ్లినప్పుడు నేను గదిలోకి తొంగి చూడటం మానేశాను.