మొగులమ్మ వెయ్యని వేలిముద్ర

పదేళ్లు దాటింది. ఒక వేలిముద్రను మోస్తూ తిరుగుతున్నాను. అది నాది కాదు. ఎవరిదో ఈ రోజుకీ తెలియదు. కానీ ఎవరిది కాదో మాత్రం తెలుసు. ఆ రోజే తెలుసు. ఆ తెలిసిన సంగతినే ఇన్నేళ్లు దాచాను.

మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోతే, వీళ్లకు ముందే తెలుసేమో, తెలిసే నవ్వుతున్నారేమో అని అనుమానం. నా స్వభావమే అంత. బడిలో పిల్లల కాపీ రాతల నుంచి పాలవాడి కొలత దాకా దేన్నీ పరీక్షించకుండా నమ్మలేదు. నలభై ఏళ్లకు పైగా ప్రతి రోజూ డైరీ రాశాను. అలాంటివాడిని, అనుమానించాల్సిన చోట ఊరుకున్నాను. అనుమానించకూడని మనిషిని అనుమానించాను.

జహీరాబాద్ దగ్గరి ఒక మండలంలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసేవాణ్ణి. పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నాలుగైదు ఊళ్ల నామినేషన్లు తీసుకునే బాధ్యత నా మీద వేశారు. ఒక బడి గదిలో బల్ల, రబ్బరు ముద్ర, రిజిస్టరు, నేను. ఆ ఊళ్లలో ఒకదాని పేరు చెప్పను. అక్కడ సర్పంచి పదవి మహిళకు కేటాయించారు. ఇద్దరే నామినేషన్ వేశారు. ఒకరు పెద్ద భూములున్న ఇంటి కోడలు. రెండో ఆమె అల్లం చేలల్లో కూలికి పోయే మనిషి. ఆమెను మొగులమ్మ అంటాను. అది అసలు పేరు కాదు.

మొగులమ్మ నామినేషన్ వేసిన రోజు బాగా గుర్తుంది. వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు జరిపితే వెనక్కి నెట్టింది. "నాకు సంతకమొస్తది సారూ" అంది. మహిళా సంఘంలో నేర్చుకుందట. నాలుగు అక్షరాలు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. చివరి అక్షరం గీత దాటి పైకి పోయింది. పంతులును కదా, నాలో నేనే మార్కులు వేసుకున్నాను. ఎందుకు నిలబడ్డావని అడిగితే, "మా గల్లికి నీళ్ల నల్ల రాలే సారూ. అడిగి అడిగి యాష్టకొచ్చింది. ఇగ నేనే కూసుంట ఆ కుర్చీల" అంది.

ఉపసంహరణ చివరి రోజు, పొద్దున టీ తాగుతుంటే ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నాకు ఏమీ ఇవ్వలేదు, ఏమీ అడగలేదు. బెదిరించలేదు. ఒక్క మాట వేసి పోయాడు. "అది నిలబడేదా సార్? ఎవలో ఎగదోసిన్రు. ఆఖర్ల బేరమాడుకొని కూసుంటది, సూడుండ్రి."

ఆ మాట నాలో ఎంత తొందరగా మొలకెత్తిందో! ఆయనకు ఆ మాటతో ఏం లాభమని నేను అడగలేదు. ఆమెకు ఏం లాభమని మాత్రం గంటల తరబడి ఆలోచించాను. కూలి మనిషి నామినేషన్ ఎందుకు వేస్తుంది? వెనుక ఎవరో ఉండే ఉంటారు. నల్లా కోసమన్నది నాకు చెప్పిన కథే అయి ఉంటుంది. ఇలా నడిచింది నా బుర్ర. పేదవాళ్ల మీద అనుమానానికి సాక్ష్యం అక్కర్లేదని నాకెవరు నేర్పారు?

గడువు మధ్యాహ్నం మూడింటి దాకా. దానికి పావుగంట ముందు ఆమె మరిది వచ్చాడు. చేతిలో ఉపసంహరణ కాగితం. "వదినకు జరమొచ్చింది సార్. మంచంల పడ్డది. చెయ్యి వణుకుతున్నదని ఏలుముద్ర ఏసిచ్చింది" అన్నాడు. నా ముఖం చూడలేదు.

నియమం నాకు తెలుసు. అభ్యర్థి స్వయంగా రావాలి. రాలేకపోతే, ఆమె రాతపూర్వకంగా అధికారమిచ్చిన ప్రతిపాదకుడు తేవాలి. ఈ మరిది ప్రతిపాదకుడు కాదు. అతని దగ్గర అలాంటి కాగితమేదీ లేదు. ఆమె నామినేషన్ పత్రం నా బల్ల మీదే ఉంది. దాని మీద సంతకం. దీని మీద వేలిముద్ర. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అవును, చూశాను. చూడలేదని మీకు చెప్పలేను.

ఆమె రావడానికి ముఖం చెల్లక ఈ జ్వరం నాటకం ఆడుతోందనుకున్నాను. బేరం కుదిరిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. ఏకగ్రీవమైతే ఆ ఊళ్లో సర్పంచికి పోలింగే ఉండదు, కొట్లాట ఉండదు. పైవాళ్లు మెచ్చుకుంటారు. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. కాగితం తీసుకున్నాను. రిజిస్టరులో 'ఎవరు అందజేశారు' అన్న గడి ఉంది. మరిది పేరు రాస్తే కాగితం చెల్లదు. 'అభ్యర్థి స్వయంగా' అని రాశాను. అందమైన దస్తూరీతో.

మూడింటికి మొగులమ్మ వచ్చింది.

మూడు తర్వాత గుర్తులు కేటాయిస్తారు కాబట్టి ఆ వేళకు రమ్మని అభ్యర్థులకు నేనే చెప్పాను. ఉతికిన చీర కట్టుకుని, షేర్ ఆటో దిగి, దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. జ్వరం లేదు. వణుకు లేదు.

"నాకేం గుర్తొచ్చింది సారూ?"

"నువ్వు వాపసు తీసుకున్నవ్ గదమ్మా."

"నేనెక్కడ తీసుకున్న? ఇప్పుడే వస్తి గద."

కాగితం చూపించాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది.

"గీ ఏలు నాది గాదు సారూ. నాకు సంతకమొస్తది. మొన్న మీ ముంగటనే పెడితి. ఎవరు తెచ్చిన్రు?"

"పోయి మీ ఇంట్ల అడుగు. టైమైపోయింది. ఒకసారి తీసుకున్నంక మళ్ల కుదరదు."

"నేను రాలేదని మీకు ఎరికే గద సారూ?"

బరిలో మిగిలినవాళ్ల జాబితా ఇంకా గోడకు అంటించలేదు. నా చేతిలోనే ఉంది. పైఅధికారికి ఒక్క ఫోన్ చేసి తప్పు జరిగిందని చెబితే సరిపోయేది. లేచి వెళ్లి జాబితా అంటించి వచ్చాను.

మర్నాడు ఆమె పైఆఫీసుకు పోయింది. అక్కడి నుంచి నాకు ఫోను వచ్చింది. "ఆమె స్వయంగా వచ్చి ఇచ్చిందా?" "వచ్చింది సార్" అన్నాను. అంతే. ఆమె ఫిర్యాదు ఆ రెండు మాటలతో ముగిసింది.

ఆ రాత నాదే, ఆ మాట నాదే. కాని శిక్ష ఎవరికి పడింది? నేను 'స్వయంగా' అని రాశాను కాబట్టి ఆమె స్వయంగా అమ్ముడుపోయినట్టయింది. మరిది తెచ్చాడని రాసి ఉంటే గల్లీ మరిదిని తిట్టేది. ఇప్పుడు సర్కారు రిజిస్టరే సాక్ష్యం. ఆమె ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. సంఘంలో ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. కూలికి పిలిచేటప్పుడు ఆమె ఇల్లు దాటి పోయేవారట. నల్లాలు తర్వాతెప్పుడో వచ్చాయి. పోయిన పేరు మాత్రం తిరిగి రాలేదు. ఇవన్నీ ఆ ఊరి బడి పంతులు ఒకాయన నాకు చెప్పాడు. ఎందుకు చెప్పాడు? నా ముఖం ఎలా మారుతుందో చూడటానికా? అప్పట్నుంచి ఆయనతో మాటలు తగ్గించాను.

ఆ రోజు డైరీలో ఏం రాశానో చెప్పాలి. 'ఉపసంహరణలు సకాలంలో ముగిశాయి. ఒక ఊరు ఏకగ్రీవం. ఎండ ఎక్కువ.' నా తర్వాత ఎవరైనా చదువుతారేమోనని డైరీకి కూడా అబద్ధం చెప్పాను.

ఇలాగే పోయేవాణ్ణేమో. కానీ మొన్న మళ్లీ పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఝరాసంగం వైపు ఒక పెళ్లికి వెళ్లి షేర్ ఆటోలో జహీరాబాద్ వస్తున్నాను. ముందు చెరకు ట్రాక్టర్లు అడ్డం. ఆటో నిలిచిపోయింది. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల మాటల్లో ఆ ఊరి పేరు వినబడింది.

"మొగులమ్మ కోడలు నిలబడ్డదట గదనే."

"నిలబడ్తది, ఆఖరి దినం కూసుంటది. అత్త నేర్పిన ఇద్దె గదా!"

ఆటో అంతా నవ్వింది. అంటే ఆ నింద ఇప్పుడు ఒక తరం దాటింది. పెళ్లయి వచ్చిన పిల్లకు కూడా అంటుకుంది.

"అత్త కూసోలేదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ దినం కాయిదం తీసుకున్న సారును నేనే. ఆమె రాలే. వచ్చిందని నేను అబద్ధం రాసిన."

నవ్వులు ఆగాయి. పెద్దామె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఇన్నొద్దులు యాడున్నవ్ తాతా?"

నేను నోరు తెరిచేలోపే చిన్నామె ఆమెను మోచేత్తో పొడిచింది. "ఓట్లొచ్చినయ్ గదక్కా. కోడలు పంపినట్టుంది. మస్తు తయారుజేసి పంపింది."

మళ్లీ నవ్వులు. "నన్నెవరూ పంపలేదమ్మా" అన్నాను. ఆ మాట పంపినవాడు చెప్పేమాటలాగే వినిపించింది. ఇంతకాలం దాచిన నిజం కూడా ఆ ఇంటి మీద ఇంకో అనుమానమై పడింది. పెద్దామె మాత్రం నవ్వలేదు. దిగేదాకా నన్నే చూస్తూ కూర్చుంది. నమ్మిందా? తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఇలా రాయడంలోనూ నన్ను నేను నమ్మడం లేదు. నా పేరు ఎందుకు దాచాను? ఊరి పేరు ఎందుకు మింగాను? ఆ గల్లీకి పోయి, ఆమె గడప ముందు, నలుగురిలో చెప్పడమే సరైన పని అని తెలిసీ ఇక్కడ మీతో ఎందుకు మాట్లాడుతున్నాను? క్షమాపణ అడగడానికి ఆమె ముందు నిలబడాలి. నేను నిలబడలేదు. కాబట్టి మీరు నన్ను క్షమించకండి. క్షమించడానికి మీకు హక్కు లేదు, అడగడానికి నాకు లేదు.

కానీ ఆ ఆటోలో నవ్వుల మధ్యనైనా ఆ మాట ఒకసారి బయటికి వచ్చింది. ఆ రాత్రి చాలాకాలం తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాను. అందుకే ఇంకోసారి, ఈసారి నా చేత్తో రాస్తున్నాను. మొగులమ్మ రాలేదు. వాపసు తీసుకోలేదు. అమ్ముడుపోలేదు. ఆమె వచ్చిందని రాసింది నేను.