రాజమ్మక్క ఫోనులో నేను ఆపేసిన సైరన్

ఈ వారం రోజులుగా నేను మేడ మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతున్నాను. కింద ఇంటివాళ్లకి నా అడుగుల చప్పుడు వినపడకూడదని. ఎందుకో చెప్తాను. విన్నాక మీరెంతైనా నవ్వుకోండి, కానీ మా స్కూల్లో మాత్రం ఎవరికీ చెప్పకండి. అక్కడ నేను కంప్యూటర్ మాస్టారిని.

మాది యానాం. ట్రాన్స్‌ఫర్ మీద పుదుచ్చేరి వచ్చి రెండేళ్లయింది. వైతికుప్పం దగ్గర ఒక సందులో మేడ మీద అద్దెకుంటున్నాను. కింద మా ఓనరు రాజమ్మక్క. తరతరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అందులో సగం తమిళం. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. సందులో ఎవరి ఫోను మొండికేసినా నా దగ్గరికే పంపిస్తుంది. "సారు చెయ్యి పెడితే సరిపోతాది" అని చెబుతుంది అందరికీ. ఆ మాట వింటే నాకు కాస్త ఛాతీ పొంగేది. దాచుకోవడం ఎందుకు?

దీపావళికి ఇంకా మూడు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం అందరి ఫోన్లూ ఒక్కసారిగా సైరన్ లాగా మోగాయి. తుఫాను, భారీ వర్షం లాంటి హెచ్చరికలు నేరుగా ఫోన్లకే పంపుతున్నారు కదా, దానికి టెస్టన్నమాట. సైలెంట్‌లో పెట్టినా మోగుతుంది. పైగా మెసేజ్‌ని పైకి చదివి వినిపిస్తుంది. ఆ సమయానికి రాజమ్మక్క ఎవరిదో పట్టుగుడ్డ కత్తిరిస్తోంది. ఉలిక్కిపడింది. మెడ దగ్గర ఆగాల్సిన కత్తెర భుజం దాకా పోయింది.

ఫోను పట్టుకుని పైకొచ్చింది.

"ఏంది సారూ ఇది? యాడ నిప్పంటుకున్నాదో అనుకుంటి. గుండె ఇంకా దడదడ అంటా ఉండాది."

"టెస్ట్ అక్కా. కంగారు పడక్కర్లేదు."

"మళ్లా అరస్తాదా?"

"అరవచ్చు."

"అయితే దీన్ని నిలిపేయి సారూ."

ఇక్కడ నేను అనాల్సిన మాట ఒకటే. ఉండనివ్వండి అక్కా, మన మంచికే అని. అనలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, టెస్టు మెసేజ్‌లు ఒక్కటే కాదు, ఎమర్జెన్సీ అలర్ట్స్ అని ఉన్నవన్నీ ఆఫ్ చేసేశాను. ఊపులో నా ఫోనులోవి కూడా.

"నిజంగా తుఫాను వస్తే?" అని ఆవిడే అడిగింది.

"నాకు తెలీకుండా వస్తుందా అక్కా? నేను చెప్తాగా" అన్నాను.

ఆ మాట గుర్తుకొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పండగ ఇంక నాలుగు రోజులుందనగా ఆదివారం. పొద్దుటినుంచీ ఒకటే వాన. కేబుల్ పోయింది, టీవీ లేదు. స్కూల్ వాట్సాప్ గ్రూపుని, గుడ్ మార్నింగ్ పూల బాధ పడలేక, ఎప్పుడో మ్యూట్ చేశాను. చేపల పులుసుతో భోంచేసి పడుకున్నాను.

మగతలో ఉండగా బయట సైరన్ మోగింది. ఒకటి కాదు, సందంతా. మా ఇల్లు తప్ప. కింద నుంచి రాజమ్మక్క కేకేసింది.

"సారూ, వెళ్లం వస్తా ఉండాదంట."

నా తమిళం అంతంత మాత్రం. బెల్లం బండి వచ్చిందనుకున్నాను. "నాకొద్దక్కా, ఇంట్లో ఉంది" అన్నాను, కళ్లు తెరవకుండానే.

"బెల్లం కాదు సారూ, వెళ్లం. నీళ్లు. ఎదురింటి సెల్వి ఫోను చెబతా ఉండాది, సామాన్లు పైన పెట్టుకోమని."

వెళ్లం అంటే వరద అని అప్పుడు తెలిసింది. తెలిశాకైనా కదిలానా? కిటికీ దాకా వెళ్లి, "ఆ రోజు మోగిందే, ఇది కూడా ఆ టెస్టే అక్కా. పట్టించుకోకండి" అని చెప్పి మళ్లీ నడుం వాల్చాను. ఆవిడ సరేనంది. సారు చెప్పాడు కదా మరి.

గంట తిరగలేదు. సముద్రం పోటు మీదుండడంతో సందు చివర పెద్ద కాలువ నీళ్లు అటు పోలేక వెనక్కి తన్నాయి. "సారూ" అని ఈసారి ఆవిడ పిలిచిన తీరుకే లేచి పరిగెత్తాను. కింద మెట్టు దిగితే పిక్కల దాకా నీళ్లు. ముందుగదిలో పండక్కి కుట్టి మడతపెట్టిన జాకెట్ల మూట నీళ్లలో తేలుతోంది. అందులో ఎర్ర జాకెట్టు ఒకటి రంగు వదిలింది. పక్కనున్న గంధం రంగువి నాలుగు అప్పటికే గులాబీ అయిపోయాయి.

మూట మంచం మీదకి ఎత్తి మిషను పట్టుకున్నాం. ఇద్దరి వల్లా కాలేదు. సెల్వి ఎదురింటి నుంచి నీళ్లలో నడుచుకుంటూ వచ్చి ఒక పక్క పట్టింది. ఆవిడ చేపలమ్ముతుంది. ఆవిడ ఫోను అద్దం పగిలి, రబ్బరు బ్యాండు మీద నిలబడి ఉంటుంది. అదే మోగింది. అది చెప్పినట్టే ఆవిడ బియ్యం, బట్టలు అన్నీ అటకెక్కించేసుకుంది.

"అంత అరిచింది కదక్కా, నీ ఫోను మోగలేదా?" అని తమిళంలో అడిగింది. ఏం ఖర్మో, ఆ పూట మాత్రం నాకు తమిళం ప్రతి మాటా అర్థమైంది.

రాజమ్మక్క నా వైపు ఒకసారి చూసింది. "నా ఫోను పాతది సెల్వీ. సరిగా పలకదు" అంది.

ఆ ఫోను కొని ఏడాది కాలేదు. దగ్గరుండి కొనిపించింది నేనే. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. నేను మిషను చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

మర్నాటికి నీళ్లు తీశాయి. స్కూలుకి సెలవిచ్చారు. నా గదిలో తాళ్లు కట్టి జాకెట్లన్నీ ఆరేశాం. పగలంతా నేను ఇస్త్రీ చేశాను. రంగు మారిన నాలుగింటి తాలూకు ఇళ్లకీ నేనే వెళ్లి, తప్పు నాదని చెప్పుకున్నాను. ఒకావిడ అంతా విని, "మా వాడికి కంప్యూటర్ చెప్పేది మీరే గదా సార్?" అంది. అవునన్నాను. ఆవిడ పక్కనున్న కొడుకు వైపు తిరిగి జాలిగా చూసింది.

ఆ సాయంత్రమే రెండు ఫోన్లలోనూ అలర్ట్స్ ఆన్ చేశాను. "అరిస్తే అరవనీలే సారూ" అంది రాజమ్మక్క. అంతే అంది.

రెండ్రోజుల తర్వాత వార్డు నుంచి ఒకమ్మాయి ఫారాలు పట్టుకుని వచ్చింది. ముందే హెచ్చరిక అందిందా, అందకపోతే ఎందుకు అందలేదు అని ఇంటింటా అడుగుతోంది. సిగ్నల్ లేదు, ఫోను ఆఫ్‌లో ఉంది, భాష అర్థం కాలేదు, ఇతర కారణం. ఇందులో ఒకదానికి టిక్కు పెట్టాలి. రాజమ్మక్క మళ్లీ, "నా ఫోను పాతది పాపా" అని మొదలెట్టింది. మెట్ల మీద నిలబడి వింటున్న నేను ఇక ఆగలేకపోయాను. కిందికి దిగాను.

"కాదమ్మా. ఇతర కారణం."

"ఏమని రాయమంటారు సార్?"

"మేడ మీద కంప్యూటర్ మాస్టారు అద్దెకుంటున్నాడని రాయి."

ఆ అమ్మాయి నవ్వలేదు. తలొంచుకుని మాట పొల్లుపోకుండా రాసుకుంది. తర్వాత పెన్ను ఆపి, రాజమ్మక్కని అడిగింది.

"ఆయన ఇంకా ఉన్నారా ఆంటీ, ఖాళీ చేయించేశారా?"