రెండు పక్కల నుంచీ వచ్చిన రంగు

మా ఇంట్లో పాములున్నాయని తెలిశాక సిద్దిపేటలోని బంధువులు గడప దాకా వచ్చి ఆగిపోయేవారు. అవి విషం లేని కార్న్ స్నేక్స్. అనుమతి కాగితాలతో సహా హైదరాబాద్‌లో కొన్న జంట. రెండూ నారింజ రంగువే, మచ్చల చుట్టూ నల్లటి అంచులు.

ఆడది మొదటిసారి పన్నెండు గుడ్లు పెట్టింది. రెండింటికీ నలుపు లేని తల్లో తండ్రో ఉందని అమ్మినతను చెప్పాడు. అంటే ఆ గుణం రెండింటిలోనూ దాగి ఉంది. నోట్‌బుక్‌లో గడులు గీసి చూశాను. నాలుగింట ఒకటి నలుపు లేకుండా పుట్టాలి. మచ్చలకు బదులు చారలు తెచ్చే గుణం మగదానిలోనే దాగి ఉంది కాబట్టి చారల పిల్ల మాత్రం రాదు. అలా దాగినవి రెండు పక్కల నుంచీ వస్తేనే బయటపడతాయి.

ఈ సంగతి నాకు కొత్త కాదు. మా పాప తెల్లటి వెంట్రుకలతో, తెల్లటి ఒంటితో పుట్టినప్పుడు డాక్టర్ చెప్పింది ఇదే. నన్ను కన్న మా అవ్వ నమ్మలేదు. కడుపుతో ఉండి గ్రహణం నాడు బయట తిరిగిందని నా భార్యను ఏడేళ్లుగా అంటూనే ఉంది. నేను గట్టిగా అడ్డుపడింది లేదు.

రెండు నెలలకు పదకొండు పిల్లలు బయటికొచ్చాయి. ఒక గుడ్డు చెడిపోయింది. మూడు వస్తాయనుకుంటే నలుపు లేనివి రెండే. నాలుగింట ఒకటన్నది సగటు లెక్కే, ఏ గుడ్డు అదృష్టం దానిదే. చూపు సరిగా ఆనని పాప, పాముపిల్లల డబ్బాను ముక్కుకు ఆనించుకుని చూసి, ఇవి నా లెక్కనే నలుపు లేకుంట ఉన్నాయని నవ్వింది. ఆ మాట విని, ఎన్నడూ పాముల గదిలో అడుగుపెట్టని అవ్వ లోపలికి వచ్చింది.

"తల్లికి నలుపున్నది, తండ్రికున్నది. వీటికేమాయె?"

"ఇద్దరి లోపలా దాగున్నదవ్వా. ఇద్దరూ ఇస్తెనే గిట్ల పుడ్తది. మన పాప గూడ గంతే. సగం నా నుంచే వచ్చింది."

 అవ్వ వంటింట్లోకి వెళ్లింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"నిన్ను తప్పు లేకున్నా ఊకెనే అన్న బిడ్డా," అంది.

నా భార్య బియ్యం కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఏడేండ్లాయె అత్తమ్మా."

అంతే అంది. అవ్వ వెళ్లిపోకుండా అక్కడే పీట వేసుకుని కూర్చుని, చిక్కుడుకాయలు ముందుకు లాక్కుని ఈనెలు తీయసాగింది. కాసేపటికి నా భార్య ఇంకో గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టింది.